తలకిందుల పరీక్ష

ఒక పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర వాన పడిందన్న సంగతి ఆ చివరకు వెళ్లేసరికి ఎండాకాలం వచ్చేసేది. ఇంత అడవికి కచేరీ లేకపోతే బాగుండదని జంతువులు ఒక కచేరీ పెట్టుకున్నాయి. కచేరీ పెట్టాక దానికి పని లేకపోతే బాగుండదని పని వెతకడం మొదలుపెట్టాయి.

ఆ కచేరీకి ఏనాడూ పని కల్పించని జీవి ఎలుగుబంటి పోలమ్మ. అడవికి తూర్పున నిట్టనిలువుగా ఒక కొండ ఉండేది. దాన్ని తేనెబండ అనేవారు. ఏటా కార్తీకంలో తేనెటీగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దాని నిండా పట్లు పెట్టేవి. ఆ బండకు కాపలా పోలమ్మది. ఆమెకు ముందు వాళ్లమ్మది.

ఎండలు ముదిరాక పోలమ్మ బండ కిందికి వెళ్లి గోళ్లతో మూడుసార్లు తట్టేది. "అక్కల్లారా, నేను పోలమ్మని. కాస్త జరగండి" అనేది. ఈగలు పట్టు తలభాగం వదిలి పక్కకు జరిగేవి. తేనె ఉండేది ఆ తలభాగంలోనే. ఆమె పైకెక్కి అంతవరకే కోసుకుని దిగిపోయేది. మైనం మూత పడని గదిని ముట్టకూడదనీ, పిల్లలున్న గదివైపు చూడనైనా చూడకూడదనీ వాళ్లమ్మ నేర్పింది. తేనెను సొరబుర్రల్లో పోసి గుహలో దాచేది. దగ్గు పట్టిన కోతికి, ముల్లు దిగిన ఏనుగుకి, ఈనిన జింకకి అదే మందు.

పుష్యమాసపు చలికి నెయ్యి పేరుకున్నట్టే తేనె కూడా పేరుకునేది. తెల్లగా, రవ్వరవ్వగా అయ్యేది. ఎవరైనా తేనె కోసం వస్తే పోలమ్మ బుర్రను తెచ్చి ఎండ తగిలే బండ మీద పెట్టేది. "కూర్చో, కబుర్లు చెప్పు" అనేది. కబుర్లు అయ్యేసరికి తేనె కదిలేది. ఇన్నేళ్లలో దీన్ని తప్పని అన్నవాళ్లు లేరు.

ఒక ఏడు, సరిగ్గా పుష్యంలో, రాజుగారైన పెద్దపులికి దగ్గు పట్టుకుంది. గర్జన మొదలుపెడితే మధ్యలో దగ్గు వచ్చేది. దుప్పులు పొదల చాటున మూతులు బిగించుకుని నవ్వేవి. గర్జించలేని పులి ఎన్నాళ్లు రాజుగా ఉంటుంది? అందుకని కచేరీ కార్యదర్శి కొండముచ్చు తెల్లారగానే తానే స్వయంగా గుహకు వచ్చాడు.

పోలమ్మ ఒక బుర్ర తెచ్చి ఇచ్చింది. కార్యదర్శి మూత తీసి దాన్ని తలకిందులు చేశాడు. చుక్క కారలేదు.

"ఏమిటిది, పోలమ్మా?"

"తేనె."

"తేనె కారుతుంది. ఇది కారడం లేదు."

"చలికి పేరుకుంది నాయనా. చలికి నువ్వు ముడుచుకోలేదా? కాస్త ఎండ రానీ, అదే కదులుతుంది."

కొండముచ్చు చిటికెడు గీకి నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద రవ్వ కరకరలాడింది. ఒకసారి యాత్రికుల సంచి లాక్కున్నప్పుడు అందులో పంచదార పొట్లం దొరికింది. ఆనాటి నుంచి పంచదార విషయంలో తనను మించిన పండితుడు లేడని అతని నమ్మకం.

"పంచదార కలిపావు" అన్నాడు.

"పంచదార ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు."

"చూడకుండానే కలిపావంటే నీకు అలవాటు ఎక్కువే" అని బుర్ర అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

ఆ సంగతి ముందుగా చెవిన పడింది నక్క వరహాలుకి. తేనెబండ మీద వాడికి ఎప్పటినుంచో కన్నుంది. ఆ మధ్యాహ్నమే కార్యదర్శి కూర్చునే కొమ్మ కిందికి వచ్చి చతికిలబడ్డాడు.

"బావగారూ, అసలైన తేనె ఏ కాలంలోనైనా ధారగా కారాలి. ఆ బండ నా చేతిలో పెట్టండి. నడి పుష్యంలో కారేట్టు చేస్తాను. మొదటి పట్టు మీ కొమ్మకే వస్తుంది, అది వేరే చెప్పాలా?"

"నేను అలాంటివాటికి ఆశపడను" అన్నాడు కొండముచ్చు. "ఎంత పెద్ద పట్టు?"

మర్నాడు కచేరీలో ఉత్తర్వు తయారైంది. బుర్రను తలకిందులు చేసి పది లెక్కపెట్టేలోగా కారనిది తేనె కాదు. పరీక్షలో తప్పితే తేనెబండ వరహాలుది. టేకాకు మీద అది రాయించి రాజుగారి పంజా ముద్ర వేయించారు. పంజా పడిన ఉత్తర్వు వెనక్కి పోదు. పులి వెనకడుగు వేస్తే అడవి నవ్వుతుందని తాతల నాటి నుంచి ఆచారం.

ఆ కబురు పోలమ్మకు తెచ్చింది కచేరీ గుమాస్తా తాబేలు కూర్మయ్య. అరగంట దూరానికి మూడు రోజులు పట్టింది.

"అక్కా, రేపే పరీక్ష. బుర్రను ఎండలో పెట్టి ఉంచు. కరిగితే గొడవ వదిలిపోతుంది."

"పేరుకోవడం దొంగతనమా, దాచిపెట్టడానికి? ఉన్నది ఉన్నట్టే చూపిస్తాను."

"నీ పంతం నాకు తెలీదా? కానీ బండ వరహాలుకి పోతే?"

వరహాలు చెయ్యి పడితే ఏమవుతుందో పోలమ్మకు తెలుసు. వాడు మూడుసార్లు తట్టడు. పిల్లల గదులతో సహా పట్టు మొత్తం లాగేస్తాడు. ఒకసారి అలా జరిగితే ఈగలు మళ్లీ ఆ కొండ మొహం చూడవు. తనకు బుర్రలు పోతే పోనీ. ఈగలు పోతే ఎలా?

కూర్మయ్య వెళ్లాక లేచి ఒక బుర్రను ఎండబండ మీద పెట్టింది. పంతం మాత్రం పూర్తిగా పోలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి రెండోదాన్ని గుహలోనే ఉంచింది.

పరీక్ష రోజున రాజుగారు దగ్గుతూ వచ్చి కూర్చున్నారు. కచేరీ సభ్యుడిగా నెమలి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి తన తోకను తాను చూసుకుంటూనే ఉంది. కార్యదర్శి మొదటి బుర్రను తలకిందులు చేశాడు. ఆరు లెక్కపెట్టేలోగా పచ్చని తేనె జారింది.

"సరిపోయిందా?" అంది పోలమ్మ.

"ఎలా సరిపోతుంది? మొన్న నేను చూసినప్పుడు రాయి. ఈ రోజు ధార. ఒకే సరుకు రెండు రూపాల్లో ఉందంటే అందులో ఒకటి అబద్ధం."

"వడగళ్లు కూడా కరిగి నీళ్లవుతాయి కదయ్యా?"

"వడగళ్ల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు చూస్తాం."

రెండో బుర్రను తిప్పాడు. పది లెక్కపెట్టినా కారలేదు. దాన్ని తీసుకెళ్లి పక్కనే కాలుతున్న మోడు నిప్పుల మీద పెట్టించాడు. తేనె బుసబుసా పొంగింది, నల్లబడింది, మాడు వాసన కొట్టింది.

"చూశారా? పంచదార పాకంలాగే మాడింది. కల్తీ రుజువైంది."

పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "వెచ్చదనం చాలే దాన్ని తీసుకెళ్లి నిప్పుల్లో పెడితే మాడదా? కార్యదర్శిగారి తోకను పెట్టినా మాడుతుంది. తోకలో పంచదార ఉందని రాసుకుందామా?"

ఎవరూ నవ్వలేదు. రాజుగారికి నవ్వు రాబోయింది గానీ మధ్యలో దగ్గు వచ్చింది. నెమలి తోక మీద నుంచి చూపు తిప్పకుండానే సరే అంది. తేనెబండ వరహాలుదైంది.

వరహాలు ఆ సాయంత్రమే ఎండుటాకులు పోగేసి పొగ పెట్టాడు. పట్లు ఇంకా కొత్తవి. పూలలోంచి ఈగలు తెచ్చేది ముందు నీళ్లలాగే ఉంటుంది. రెక్కలతో విసిరి విసిరి, అందులోని నీరంతా ఇగిరాక, చిక్కబడ్డాక గాని మైనం మూత వెయ్యవు. అప్పటికి ఇంకా ఒక్క మూతా పడలేదు. వరహాలుకి అది మరీ మంచిదైంది. పలచగా ఉన్నదే ధారగా కారుతుంది. పట్లను కిందికి పడగొట్టి, పిల్లలూ పుప్పొడీ అంతా కలిపి పిండి, బుర్రలకు నింపాడు.

ఒక ముసలి తేనెటీగ పోలమ్మ గుహ ముందు వాలింది. రెక్కలకు మసి పట్టి ఉంది.

"ఈసారి ఎవరూ తట్టలేదు, పోలమ్మా."

"నేను కాదమ్మా."

"తెలుసు. నీ వాసన కాదు. మేం పోతున్నాం."

"మళ్లీ వస్తారా?"

"కార్తీకంలో ఒకసారి ఇటుగా ఎగురుతాం. బండ కింద ఉన్నది నువ్వైతే దిగుతాం. కాకపోతే లేదు."

ఆ మాట పోలమ్మ గుండెలో ముల్లులా దిగింది. కార్తీకంలోగా బండ తన చేతికి రావాలి. ఎలాగో మాత్రం తెలియదు.

ఫాల్గుణంలో అడవి పండుగ వచ్చింది. ఆ రోజున చుట్టుపక్కల అడవుల పెద్దల ముందు రాజుగారు గర్జించాలి. దగ్గు ఇంకా తగ్గలేదు. అందుకని వరహాలు పండుగకని దాచి ఉంచిన తేనె తెప్పించారు. ఎండలు మొదలై బుర్రల మూతలు ఉబ్బి ఉన్నాయి. కార్యదర్శి ఒకదాన్ని తిప్పితే రెండు లెక్కపెట్టేలోగా మొత్తం కారిపోయింది.

"పదికి కారితే స్వచ్ఛం. ఇది రెండుకే కారింది. అంటే అయిదు రెట్లు స్వచ్ఛం" అన్నాడు.

"నురగ వస్తోందేం?" అని పక్క అడవి పంది అడిగింది.

"తాజాది కదండీ" అన్నాడు వరహాలు.

రెండో బుర్ర మూత దానంతట అదే లేచి కార్యదర్శి నుదుటికి తగిలింది. ఆ నుదురు నిమురుకుంటూనే అతను రాజుగారికి పోశాడు. నీరు ఇగరక పులిసిన తేనె పుల్లగా, కమ్మగా ఉంది. రాజుగారు మూడు బుర్రలు తాగారు. సభ కూడా తాగింది. కాసేపటికి నెమలి తన తోకను ఎవరో ఎత్తుకుపోయారని ఏడవసాగింది. రాజుగారు తూలుతూ లేచి, గొంతు సవరించుకుని, నోరు తెరిచారు. పిల్లి కూత వచ్చింది. తర్వాత ఎదురుగా నిలబడ్డ దుప్పిని "వదినా, అన్నయ్య కులాసాయేనా?" అని అడిగి అక్కడే పడి నిద్రపోయారు.

పక్క అడవి పెద్దలు ఇంటికి వెళ్లేదాకా ఆగలేదు, అక్కడే నవ్వారు. వరహాలు ఆ గందరగోళంలో చుట్టపు చూపుగా వెళ్లాడు. ఏ ఊరి చుట్టమో చెప్పి వెళ్లలేదు.

మూడో రోజున మత్తు దిగాక రాజుగారు ఒంటరిగా పోలమ్మ గుహకు వచ్చారు. గొంతులో మాట లేదు.

"ఎండబండ మీద పెట్టమంటారా?" అంది పోలమ్మ.

ఆయన అడ్డంగా తల ఊపారు, ఓపిక లేదన్నట్టు. ఆమె పేరుకున్న తేనెను గడ్డగా విరిచి ఇచ్చింది. "నమలకండి బాబూ. బుగ్గన పెట్టుకుని చప్పరించండి. మెల్లగా కరిగి గొంతు పట్టుకుంటుంది."

అలా వారం రోజులు చప్పరించారు. ఎనిమిదో రోజు గర్జిస్తే పక్క అడవిలో పంది బురదలోకి దూకింది.

ఇక బండను పోలమ్మకు తిరిగి ఇవ్వాలన్నారు రాజుగారు. అక్కడే చిక్కు వచ్చింది. కారనిది తేనె కాదని పంజా ముద్ర ఉంది. ముద్ర వెనక్కి పోదు.

"ఉత్తర్వు తప్పనడానికి వీల్లేదు" అన్నాడు కార్యదర్శి. "ప్రభువుల గొంతు బాగుపడలేదనడానికీ వీల్లేదు." ఈ రెండింటి మధ్య సభ రెండు రోజులు నలిగింది.

మూడో రోజున కూర్మయ్య డిప్పలోంచి తల బయటపెట్టాడు. "కారనిది తేనె కాదన్నాం. బాగానే ఉంది. మరి అది ఏమిటో ఉత్తర్వులో చెప్పలేదు. గట్టిగా ఉంది, కొండ నుంచి వచ్చింది. రాళ్ల జాబితాలో చేర్చుకుందాం. పోలమ్మక్కను రాళ్లకు కాపలా పెడితే ఏ ఉత్తర్వూ చెడదు."

సభ హాయిగా ఊపిరి పీల్చుకుంది. పోలమ్మకు మాత్రం ఒళ్లు మండింది. "మా అమ్మ నాటి తేనెను రాయంటారా? ఇంతమంది నాకి నాకి తిన్నది రాయా? నేను ఒప్పుకోను" అని లేచింది.

కూర్మయ్య ఆమె కాలి దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు. "అక్కా, నీకు పేరు కావాలా, బండ కావాలా? ఒక్కటి ఆలోచించు. ఈ అడవిలో రాళ్లను పరీక్షించే అధికారి లేడు."

పోలమ్మ నిలబడే ఉంది. ముసలి ఈగ రెక్కల మీది మసి గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి పంతాన్ని గుటకేసి మింగింది.

"సరే. రాయే అది" అంది.

కార్తీకం వచ్చింది. ఒక పొద్దున ఆకాశంలో నల్లని మబ్బులాంటిది తిరిగింది. పోలమ్మ పరుగున వెళ్లి బండను మూడుసార్లు తట్టింది. మబ్బు రెండు చుట్లు తిరిగి కిందికి దిగింది.

ఇప్పుడు ఆ అడవిలో దగ్గు వచ్చినవాళ్లు గుహకు వెళ్లి, "పోలమ్మత్తా, ఒక రాయి పెట్టవూ" అంటారు. ఆమె పెడుతుంది. కచేరీలో తేనె మీద ఫిర్యాదులు ఒక్కటి కూడా లేవు. అసలు తేనే లేదు కదా. కల్తీని సమూలంగా నిర్మూలించినందుకు కార్యదర్శి కొండముచ్చును ఏటా పండుగనాడు సన్మానిస్తారు.

నీతి: కచేరీ ఉన్నచోట తీపి మిగలాలంటే, తేనె తాను రాయినని ఒప్పుకోవాలి.