భరణం భరోసా కార్డు

భర్త వదిలేసిన ఏ ఆడపడుచూ ఇకపై భరణం కోసం కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదని మంత్రి రాజరత్నం గారు నరసాపురంలో ప్రకటించారు. ‘భరణం భరోసా’ కింద ఉచితంగా వకీలును పెడతామన్నారు. దానికి కన్వీనర్ని నేను. భరణం కేసుల్లో నాకు పదిహేనేళ్ల అనుభవం ఉంది. అది ఎవరి తరఫున సంపాదించిందో మంత్రిగారు అడగలేదు. భర్తల తరఫున అని నేనూ చెప్పలేదు. అడగనిది చెప్పడం మా వృత్తిలో పాపం.

మూఢం కావడంతో క్యాంపుకి కల్యాణమండపం చవగ్గా దొరికింది. ‘వధూవరులకు స్వాగతం’ బోర్డు మీద మంత్రిగారి ఫ్లెక్సీ కట్టాం.

మొదట వీరదుర్గని పిలిచారు. లేసు అల్లి ఐదేళ్ల కూతుర్ని పెంచుకుంటోంది. రెండు చేపల బోట్లున్న భర్త త్రిమూర్తులు మూడేళ్ల కిందట వదిలేశాడు. మధ్యంతర భరణం కోసం ఆమె వేసిన పిటిషను రెండేళ్లుగా నడుస్తోంది. ఇదంతా నాకు బాగా తెలుసు. త్రిమూర్తులు వకీల్ని నేనే. బోట్లు తమ్ముడివనీ, అతను రోజుకూలీ అనీ కౌంటరు రాశాను. పధ్నాలుగు వాయిదాలు తెచ్చాను. ఓసారి నాకు జ్వరం, ఓసారి మా అత్తగారికి. ఆవిడ పోయి ఏడేళ్లయింది.

“మా ఆయన వకీలు ఈయనేనండి” అంది వీరదుర్గ మైకులోనే.

మంత్రిగారు తొణకలేదు. “మీ కేసు ఇంత బాగా తెలిసిన మనిషి ఇంకెవరున్నారమ్మా?” అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

‘ఈమెకు పూర్తి భరోసా కల్పించడమైనది’ అని రాసిన కార్డు నా చేతుల మీదుగా ఇప్పించి ఫొటో తీయించారు. మెట్లు దిగుతూ వీరదుర్గ నాతో మెల్లగా అంది. “పాపని బళ్లో వెయ్యాలండి. ఈసారైనా వాయిదా అడక్కండి.”

మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. ఈసారి వాయిదా అడగలేదు, కేసే కొట్టేయమని అడిగాను. పూర్తి భరోసా దొరికిన మనిషికి భర్త భరణం ఎందుకని వాదించి, క్యాంపు ఫొటో దాఖలు చేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

దీనివల్ల నీకేం ముట్టిందమ్మా అని జడ్జిగారు అడిగారు. వీరదుర్గ సంచీలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇదేనండి. లామినేషన్ చేయించారు కదండీ, ఉడకబెట్టినా మెత్తబడదు.”

ఫొటోలో కార్డు ఇస్తున్నది మీరే కదా, నెలకి ఎంతిస్తున్నారు అని జడ్జిగారు నన్నడిగారు. నాకు సిగ్గేసింది. అలవాటు లేక, అదేంటో కాసేపు తెలియలేదు. తెలిశాక వాయిదా అడిగాను. ఇవ్వలేదు. పిటిషను వేసిన రోజు నుంచి లెక్కగట్టి నెలకి ఏడువేలు ఇవ్వమని ఆర్డరు వేశారు.

భరణం భరోసాకి ఇది తొలి విజయమని సాయంత్రానికల్లా మంత్రిగారి ప్రకటన వచ్చింది. వీరదుర్గకి న్యాయం జరిపించిన వకీలుకి ఆదివారం అదే మండపంలో సన్మానం. వద్దనాలనే అనుకున్నాను. అప్పటికే ఫ్లెక్సీలో నా ఫొటో బాగా వచ్చింది.

శాలువా కప్పేటప్పుడు చేతులు జోడించాలి కదా. నా చేతిలో ఉన్న ఫైలు కాసేపు పట్టుకోమని మంత్రిగారికే ఇచ్చాను. ఆ ఆర్డరు మీద త్రిమూర్తులు వేస్తున్న అప్పీలది. నా సంతకం పొద్దున్నే అయిపోయింది.