పాత పేరుకు శాలువా

ఇకమీదట రాయలసీమలో ఏ కంప్యూటరు పరికరానికీ రెండు పేర్లు ఉండబోవని సీమ మండలాల కంప్యూటర్ సంస్థ ఛైర్మన్ నాగసుబ్బయ్యగారు కర్నూలులో ప్రకటించారు. ఇది చరిత్రాత్మక నిర్ణయమని కూడా ఆయనే చెప్పారు. విలేకరులు అప్పటికే ఉగ్గాని, బజ్జీలు తిని ఉన్నారు కాబట్టి చప్పట్లకు లోటు రాలేదు.

"ఏ పరికరాలు సార్?" అని వెనక వరుసలోంచి ఒకాయన అడిగాడు.

"కంటికి కనపడనివప్పా."

"కనపడనివాటికి పేర్లెందుకు సార్?"

"దేవుడు కనపడతాండాడా? ఆయనకెన్ని పేర్లుండాయో చెప్పు" అన్నారు నాగసుబ్బయ్యగారు. విలేకరి ఆ మాట రాసుకుని కూర్చున్నాడు.

సంస్థ సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. కర్నూలు ఆఫీసులో ఏసీ గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉంది. దాని కడుపులో బోలెడు ఉత్తుత్తి కంప్యూటర్లున్నాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. ఆలూరుకొకటి, ఆత్మకూరుకొకటి, ఒంటిమిట్టకొకటి, అలా మండలానికొకటి. వాటి డిస్కులూ ఉత్తుత్తివే, కార్డులూ ఉత్తుత్తివే. ఉన్నది ఒక్క పెట్టె, తక్కినదంతా నమ్మకం. పాతికేళ్ళు రాజకీయాల్లో నలిగిన మనిషి కాబట్టి నాగసుబ్బయ్యగారికి ఈ ఏర్పాటు ఒక్కసారి చెబితే అర్థమైపోయింది.

వీటన్నిటినీ ఒక్క తెర మీద నడిపిస్తారు. ఆ తెర మీద ప్రతి పరికరానికీ రెండు పేర్లు కనిపిస్తాయి. మొదట్లో పెట్టినది 'డిస్కు ఒకటి', 'కార్డు రెండు' లాంటి పొట్టి పేరు. తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి బారెడు పొడుగు నంబరు తగిలించింది. పాతది ఎవరూ తీయలేదు. ఏ పేరుతో పిలిచినా పలికేది ఒకటే డిస్కు.

ఇలా ఎందుకని సంస్థలో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే సంస్థకే ఇద్దరు అధ్యక్షులు. మొదట నాగసుబ్బయ్యగారిని ఛైర్మన్ చేశారు. కర్నూలుకిచ్చి మాకివ్వలేదని కడప వాళ్ళు అలిగారు. దాంతో పార్టీ ఎగ్జిక్యూటివ్ ఛైర్‌పర్సన్ అనే పదవిని పుట్టించి ప్రొద్దుటూరు రాజ్యలక్ష్మమ్మగారికి ఇచ్చింది. ఇద్దరికీ అవే అధికారాలు, అదే రంగు కారు, ఎదురెదురు గదులు. ప్రతి ఫైలు మీదా ముందు ఈయన సంతకం, తర్వాత ఆమె సంతకం. రెండో సంతకం ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే మొదటిది ఎందుకో కూడా తెలియదు.

నాగసుబ్బయ్యగారికి ఆ కుర్చీ అంటే ప్రాణం. అందులో కూర్చోకముందు ఆయన ఆత్మకూరులో నూనె మిల్లు సుబ్బయ్య. పెళ్ళికి పోతే ఏ మూలో కూర్చుని భోంచేసి వచ్చేవాడు. కుర్చీ వచ్చాక ముందు వరుస సోఫా ఆయనది. ఒంటిమిట్ట కల్యాణానికి పోతే ఎవరో పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తారు. ఉగాదితో పదవీకాలం అయిపోతోంది. పొడిగించాలంటే అమరావతి నుంచి వచ్చే పరిశీలకుడికి ఏదో ఒక ఘనకార్యం చూపించాలి. ఆ బెంగతో ఆయనకు సంగటి ముద్ద కూడా సరిగ్గా దిగడం లేదు.

ఘనకార్యం ఆయుధపూజ రూపంలో దొరికింది. దసరాకు ఆఫీసులో పూజ చేయిస్తూ పరికరానికో గుమ్మడికాయ కొట్టాలని ఆయన ముచ్చటపడ్డారు. పీఏ ఓబుళేశు తెర మీద పేర్లన్నీ లెక్కపెట్టి, అన్ని కాయలూ ట్రాక్టర్‌లో తెప్పించాడు. సగం కాయలు కొట్టేసరికి వరండా అంతా గుజ్జయి పురోహితుడు రెండుసార్లు జారిపడ్డాడు. అప్పుడు ఇంజినీరు హరిత బయటికొచ్చి, "ఇంక చాలు సార్, మిగతావన్నీ వీటికే రెండో పేర్లు" అంది.

నాగసుబ్బయ్యగారు చేతిలో కాయతో అలాగే నిలబడిపోయారు. "ఒక్క డిస్కుకు రెండు గుమ్మడికాయలా! ఇదేం అన్యాయమమ్మా!"

సంస్కరణ అలా పుట్టింది.

మరునాడే హరితను పిలిపించారు. "పాత పేర్లన్నీ పీకి పారేయమ్మా, సాయంత్రం లోపల."

"పీకకూడదు సార్. ఆలూరులో, ఆత్మకూరులో అందరూ పాత పేరుతోనే పిలుస్తాండారు. ఉన్నట్టుండి తీసేస్తే పింఛన్ల పని ఆగిపోతాది."

"మరెట్ల?"

"డెప్రికేట్ చేస్తాం సార్. అంటే పాత పేరు యాడికీ పోదు. పిలిస్తే పలుకుతాది. కాకుంటే పిలిచినప్పుడల్లా పైన పసుపు పట్టీ ఒకటి వస్తాది, 'ఈ పేరు పాతబడింది, కొత్త పేరుతో పిలవండి' అని. జనానికి అలవాటైనాక, వచ్చే వెర్షన్‌లో తీసేస్తాం."

"అంటే గౌరవం తగ్గదు, పని చెప్పరు. అంతేనా?"

"అంతే సార్."

"రెండిట్లో ఏది ఉంచాల?"

"తర్వాత వచ్చింది సార్."

నాగసుబ్బయ్యగారు ముగ్ధులైపోయారు. "శానా మర్యాదైన పద్ధతమ్మా ఇది! ఎవురు కనిపెట్టినారో గానీ మన పార్టీ మనిషి అయి ఉంటాడు" అన్నారు.

పని చురుగ్గా మొదలైంది. పాత పేర్లలో ఏదీ తప్పిపోకుండా ప్రతిదానికీ ఒక రద్దు నంబరు ఇవ్వాలని ఓబుళేశు సూచించాడు. సూచన బాగుందని ఛైర్మన్‌గారు సంతకం చేశారు, ఎదురు గదిలో రాజ్యలక్ష్మమ్మగారూ చేశారు. ఆ వారానికల్లా ప్రతి పరికరానికీ మూడు పేర్లయ్యాయి. దీనిని తాత్కాలిక పురోగతిగా పత్రికలకు తెలియజేశారు.

పసుపు పట్టీలు మొదలైన రోజే ఆలూరు మండలాఫీసు నుంచి ఆపరేటర్ ఏసన్న ఫోను చేశాడు.

"సార్, మా మిషన్‌కు కామెర్లు వచ్చినట్లుండాది."

"ఏందప్పా నువ్వనేది?"

"డిస్కు ఒకటి అని కొడతానే పైనంతా పచ్చగా అయితాండాది సార్. ఈడ పసరు మందు పోసే ఆయనను పిలిపించినాం. ఆయన చూసి, నాడి దొరకలేదన్నాడు. ఉప్పు తగలకుండా చూసుకోండని పోయినాడు."

"ఏమీ కాదులే అప్పా. అది రోగం కాదు, సంస్కరణ. పని జరుగుతాందా లేదా?"

"జరుగుతాంది సార్."

"ఇంకేం మరి!"

ఆత్మకూరు వాళ్ళు పట్టీ చదవడం కష్టంగా ఉందని దాని మీద క్యాలెండరు తగిలించారు. ఒంటిమిట్ట వాళ్ళు పసుపు శుభమని ఊరుకున్నారు. పాత పేరుతో పిలవడం ఎవరూ మానలేదని హరిత వచ్చి చెబితే, నాగసుబ్బయ్యగారు అది ప్రజలకు సంస్కరణ మీదున్న అభిమానమని తేల్చేశారు.

ఉగాదికి ముందు పరిశీలకుడు శివప్రసాద్‌గారు రానే వచ్చారు. కుర్రవాడు, చేతిలో రెండు ఫోన్లు. ఆయన ఎదుట పాత పేర్లకు వీడ్కోలు సభ ఏర్పాటైంది. సర్వీసు అయిపోయిన ఏ గుమాస్తాకైనా శాలువా కప్పి పంపుతాం గదా, ఇన్నేళ్ళు చాకిరీ చేసిన పేరుకు కప్పకపోతే ఎలాగని ఛైర్మన్‌గారి వాదన. పట్టీకి జోడుగా పసుపుపచ్చ శాలువా తెప్పించారు. మానిటర్‌కు శాలువా కప్పి, బంతిపూల దండ వేసి, వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పక్కన రాజ్యలక్ష్మమ్మగారు కూర్చుని లడ్డు తింటున్నారు.

"ఏమన్నా, కళకళలాడతాండావు ఈ పొద్దు!" అన్నారామె.

"నీ దయ చెల్లెమ్మా" అని నాగసుబ్బయ్యగారు మైకు అందుకున్నారు. "ఒక పనికి ఒకటే పేరు! ఇదే నా సూత్రం. ఏది తర్వాత వచ్చిందో అదే ఉండాల. పాతదాన్ని అవమానించొద్దు, తరమొద్దు. మర్యాదగా కూచోబెడదాం. పలకరిస్తే పలుకుతాది. పని మాత్రం కొత్తదానికి చెబుదాం!"

శివప్రసాద్‌గారు ఫోనులోంచి తలెత్తారు. ఆ రోజు ఆయన తలెత్తడం అదే మొదలు. "అద్భుతంగా చెప్పారండీ. ఈ సూత్రం కంప్యూటర్లకేనా, అన్నిటికీనా?"

ఇంతటి అవకాశం మళ్ళీ వస్తుందా? నాగసుబ్బయ్యగారు గుండె మీద చెయ్యి వేసుకుని, "అన్నిటికీ సార్! నా ఊపిరి ఉన్నంతవరకు సీమలో ఏ పనికీ రెండు పేర్లుండవు!" అన్నారు. ఓబుళేశు ఈల వేశాడు.

పరిశీలకుడు బయటికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి, నవ్వుతూ తిరిగొచ్చారు. వస్తూనే మానిటర్ మీది శాలువా తీసి నాగసుబ్బయ్యగారి భుజాల మీద కప్పారు. సభ లేచి నిలబడింది. పదవి పొడిగించేశారన్న సంతోషంతో నాగసుబ్బయ్యగారి కళ్ళు చెమర్చాయి.

"నాగసుబ్బయ్యగారి సూత్రం పైవాళ్ళకు ఎంతో నచ్చింది. దాన్ని మొట్టమొదట ఈ సంస్థలోనే అమలు చేయమన్నారు. ఇకమీదట సంస్థకు అధ్యక్షులు ఒక్కరే" అని శివప్రసాద్‌గారు మైకులో చెప్పారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నాగసుబ్బయ్యగారే. కొడుతూ కొడుతూ పక్కకు చూశారు. ఫొటోగ్రాఫర్లంతా రాజ్యలక్ష్మమ్మగారి ముందుకు చేరారు. ఆమె లడ్డు పక్కన పెట్టి పమిట సర్దుకుంటున్నారు. తర్వాత వచ్చింది ఎవరో ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. కానీ చప్పట్లు మధ్యలో ఆపితే బాగుండదని అందరితో పాటే ఆపారు.

పార్టీ మాట తప్పలేదు. ఆయన గది ఉంది, కుర్చీ ఉంది, కారు ఉంది. గుమ్మం మీద బోర్డు కూడా ఉంది. ఫైళ్ళు మాత్రం తిన్నగా ఎదురు గదికి పోతున్నాయి. ఓబుళేశు కూడా కుర్చీ మార్చుకుని ఆ గుమ్మం ముందు కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే వచ్చి, "నమస్తే అన్నా, బాగుండావా?" అని అడిగి పోతున్నాడు.

ఉగాది పోయాక ఒకరోజు ఆలూరు నుంచి ఏసన్న వచ్చాడు. నెట్‌వర్క్ సరిగా లేక పింఛన్లు ఆలస్యమవుతున్నాయని చెప్పుకోవడానికి వచ్చాడు. బయట ఎండ మండిపోతోంది. లోపల ఏసీ చలికి నాగసుబ్బయ్యగారు పసుపు శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు.

"సార్, ఛైర్మన్ సారంటే మీరే గదా?"

ఆ మాటకు ఆయన ముఖం చాటంతయింది. "నేనేనప్పా! రా, కూచో. టీ తాగుతావా?"

టీ తెప్పించారు. ఏసన్న గోడు మొదటి నుంచి చివరి దాకా విన్నారు. అయ్యో పాపం అన్నారు, మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగారు. అంతా అయ్యాక చెయ్యి చాచి గుమ్మం వైపు చూపించారు.

"అంతా అర్థమైందప్పా. కాకుంటే ఈ పనికి నువ్వు ఎదురు రూములో అమ్మ కాడికి పోవాల."

ఏసన్న ఆయన వైపూ శాలువా వైపూ చూశాడు. ఆ మాట ఎక్కడో చదివినట్టనిపించింది గానీ ఎక్కడో గుర్తు రాలేదు. లేచి దండం పెట్టి, గుమ్మం దాకా పోయి ఆగాడు.

"సార్, మా మిషన్‌లో పాత పేరు ఇంకా పలుకుతానే ఉండాది. అదేదో వచ్చే వెర్షన్‌లో పూర్తిగా తీసేస్తారంట గదా. ఎప్పుడు సార్ అది? ఆ హరిత మేడమ్‌ను అడిగి పోయేదా?"

నాగసుబ్బయ్యగారు శాలువా గట్టిగా దగ్గరికి లాక్కున్నారు.

"వద్దు వద్దు, అడగాకప్పా."