క్యూ లేని వైద్యం

ఇకమీదట దేశంలో ఎవరూ మూత్రం కోసం క్యూలో నిలబడనక్కర్లేదని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. మూత్రవ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి రోగి స్వయంగా వెళ్ళడమనే మోటు పద్ధతి రద్దయింది. చిన్నాసుపత్రి డాక్టరు కంప్యూటర్లో ప్రశ్న పంపుతాడు, స్పెషలిస్టు తానున్న చోటునుంచే జవాబిస్తాడు. దీని పేరు ఈ-కన్సల్టేషన్. ఇంత గొప్ప ఆలోచన పుట్టిన బుర్రకు దండం పెట్టాల్సిందే.

చిన్నాసుపత్రి హాల్లో జరిగే ప్రారంభోత్సవానికి అసలుసిసలు రోగి కావాలి. ఆ అదృష్టం ఒక రిటైరైన బస్సు డ్రైవరుని వరించింది. పొద్దుట్నుంచీ ఆయనకు చుక్క మూత్రం రాలేదు. పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ డిపో వచ్చేదాకా ఓర్చుకున్న మనిషే, పాపం, ఇప్పుడు చక్రాల కుర్చీలో మెలికలు తిరుగుతున్నాడు.

నర్సమ్మ సన్నటి గొట్టం, సంచీ తెచ్చింది. గొట్టం వేస్తే చిటికెలో తేలికవుతుందని చెప్పింది. ప్రోగ్రాం ఆఫీసరు అడ్డుపడ్డాడు.

"ఇప్పుడే బాగుచేసేస్తే మంత్రిగారికి ఏం చూపిస్తామమ్మా? కాస్త ఓపిక పట్టమనండి."

డ్రైవరు భార్య ఆ ఓపికని ఎక్కడ పెట్టుకోవాలో ఆఫీసరుకి నెమ్మదిగానే చెప్పింది. ఆయన అది సలహాల కింద రాసుకున్నాడు.

మంత్రిగారు ఆలస్యంగా వచ్చి, తీరిగ్గా మాట్లాడారు. స్పెషలిస్టుగారు వేదిక మీద ఆయన పక్కనే ఆసీనులయ్యారు. వేదిక కిందే డ్రైవరు కుర్చీ. ఆ చెమటలు, ఆ మొహం చూసి స్పెషలిస్టు ఉండబట్టలేక లేచాడు. ఆఫీసరు పరుగున వచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"మీరు దూరంగా ఉన్నారు సార్."

"ఎదురుగానే ఉన్నాను కదయ్యా."

"ప్రోగ్రాం ప్రకారం మీరు వేరే ఊళ్ళో ఉన్నారు సార్. ప్రశ్న వస్తుంది, జవాబివ్వండి."

స్పెషలిస్టు ఆ ఊరు వెళ్ళిపోయినట్టే తల దించుకున్నాడు.

పెద్ద తెరమీద ప్రశ్న వెలిగింది. 'మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఏం చెయ్యమంటారు?' సభ ఊపిరి బిగబట్టింది. డ్రైవరు పొద్దుట్నుంచీ అదే పనిమీద ఉన్నాడు.

స్పెషలిస్టు వేలు ముందున్న కంప్యూటరు మీట మీద పడబోతుండగా మంత్రిగారు ఆయన చెయ్యి పట్టుకుని చెవిలో గుసగుసలాడారు. మైకు ఆపడం మర్చిపోయారు.

"డాక్టరుగారూ, నాక్కూడా ఈమధ్య ధార సరిగ్గా రావట్లేదు. అలా పక్కగదిలోకి వస్తే ఓసారి చూద్దురుగాని."

ఆఫీసరు తలుపు తీసి పట్టుకున్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. తెరమీద కొత్త వాక్యం వచ్చింది. 'నిపుణులు మీ కేసును స్వయంగా పరిశీలిస్తున్నారు.'

డ్రైవరు అది చదివి, భార్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"వీళ్ళ కంప్యూటరు తగలెయ్య, పదండి," అంటూ ఆవిడ కుర్చీని హాలు మూలనున్న మంచానికి కట్టిన గుడ్డ తెరచాటుకి తోసుకుపోయింది. నర్సమ్మ ఎవర్నీ అడక్కుండా గొట్టం పట్టుకుని వెనకాలే నడిచింది.

మంత్రిగారు చొక్కా సర్దుకుంటూ తిరిగొచ్చారు. వేదిక కింద ఎవరూ లేరు.

"పేషెంటు ఏడయ్యా?"

ఆఫీసరు రెప్ప కూడా వెయ్యలేదు.

"క్యూ క్లియరైంది సార్."

హాలు చప్పట్లతో మారుమోగింది. తెరచాటున సంచీ నిండుతోంది. ప్రాణం లేచొచ్చిన డ్రైవరు ఆ చప్పట్లు తనకే అనుకుని, పడుకునే అందరికీ నమస్కారం పెట్టాడు.