తీగ లేని కాఫీ

మా బావగారు విద్యుత్ శాఖ మంత్రి. కరెంటు స్తంభమే లేని దట్టమైన అడవిలో గుడారం వేసుకుని, రెండు రోజులు అక్కడే ఉండి, స్వహస్తాలతో మంచి కాఫీ కాచుకుని తాగబోతున్నట్టు గత నెల ఆయన విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఇటువంటి సాహసం ఇంతవరకు ఏ మంత్రీ తలపెట్టలేదని ఆయన కార్యదర్శి అన్నాడు. అది నిజమేనని నేనూ సాక్ష్యం చెప్పగలను.

"మామూలు కాఫీయా, మంచి కాఫీయా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"మంచిదే" అన్నారు బావగారు, ఒక్క క్షణం ఆలోచించి. ఆ తెగువకు హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆయన ముందు బల్ల మీద ఒక పెట్టె ఉంది. అందులో కరెంటు నింపుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. పథకం పేరు 'చేతిసంచి కరెంటు'. దాన్ని ఎవరైనా ఒంటిచేత్తో మోయవచ్చని నిరూపించడానికి నలుగురు ఉద్యోగులు దాన్ని ఎత్తి చూపించారు. "తీగ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు" అని బావగారు నినాదం ఇచ్చారు. ఇకనుంచి వంటింట్లో స్త్రీలకు విముక్తి అని కూడా అన్నారు.

వెనక వరసలో నా పక్కన కూర్చున్న మా అక్క అదంతా శ్రద్ధగా విని, నా చెవి దగ్గరకు వంగింది.

"రెండు రోజులన్నారు కదూ?"

"అవును."

"పొద్దున కాఫీ కూడా అక్కడేనా?"

"అక్కడేగా. స్వహస్తాలతో."

అక్క చీరకొంగు సర్దుకుని, "అయితే సముద్రం చూసొద్దామే" అంది.

పాఠకులకు ఇక్కడ ఒక విషయం చెప్పాలి. బావగారు మా అక్క చేతి కాఫీ తప్ప మరొకటి తాగరు. రోజుకు అయిదుసార్లు. వేరేవాళ్ళ కాఫీ తాగితే ఆయనకు ఆలోచనలు రావు, ఆలోచనలు రాకపోతే దేశానికి నష్టం. అందుచేత పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అక్క ఒక్క రాత్రి కూడా ఊరు దాటలేదు. అమ్మకు ఆపరేషన్ అయిన రోజున కూడా సాయంత్రం కాఫీ వేళకు వెనక్కి వచ్చేసింది. సముద్రం మా ఊరికి బస్సులో అయిదు గంటల దూరం. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్తే ఒకసారి చూసింది. అప్పుడు జ్వరంగా ఉండి, సరిగ్గా చూడలేదట.

ఆ వారమంతా అక్క వయసు సగానికి తగ్గింది. లాడ్జిలో గది చెప్పింది. తడిసినా పాడవని చెప్పులు కొనుక్కుంది. వాటిని వంటింట్లో రెండుసార్లు తొడుక్కుని నడిచి చూసుకుంది.

శుక్రవారం నాడు అడవిలో రిహార్సల్ జరిగింది. అక్కడేం జరిగిందో నాకు తర్వాత ఆ శాఖలోని ఇంజనీరుగారు చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో అబద్ధపు కాగితం మీద ఒక్క సంతకం కూడా పెట్టని మనిషి ఆయన. అందుకే ఇంకా ఇంజనీరుగానే ఉన్నారు.

పెట్టెలో ఉన్న కరెంటు పన్నెండు కప్పుల కాఫీకి సరిపోతుంది. మంత్రిగారు ముట్టుకునేముందు ప్రతి హోదావారూ పరీక్షించి సంతకం పెట్టాలని నియమం. హోదాలు ఆరు. ప్రతి హోదావారూ ఒక కప్పు కాచారు. కాచినవారే బాగుందని రాస్తే చెల్లదని ఎవరో గుర్తుచేయడంతో, సాక్షికి ఇంకో కప్పు కాచారు. ఆరు రెళ్ళు పన్నెండు. పన్నెండు సంతకాలు పడేసరికి పెట్టె మీద దీపం ఆరిపోయింది. కాఫీ బాగుందన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

పెట్టెను మళ్ళీ నింపడానికి ఎండలో పెట్టే పలక కూడా ఉంది. దానిమీద మంత్రిగారు రిబ్బను కత్తిరించాలి గనక, మంత్రిగారు ఎండలో నిలబడకూడదు గనక, పలక మీద పెద్ద గుడ్డపందిరి వేశారు. పలక చల్లగా, హాయిగా ఉంది.

శనివారం పొద్దున ఆరింటికి నేనూ అక్కా బస్సెక్కాం. అక్కకు కిటికీ పక్క సీటు దొరికింది. కొత్తచెప్పులు తొడుక్కుంది. డ్రైవరు బండి స్టార్ట్ చేస్తుండగా ఫోను మోగింది.

"ఏమోయ్, ఎక్కడున్నావ్?" బావగారి గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"బస్సులోనండీ. కిటికీ పక్కన."

"దిగు."

"ఎందుకండీ?"

"దేశం కోసం."

బావగారు గొంతు తగ్గించారు.

"పదింటికి పెద్దాయన వస్తున్నారు. మంత్రివర్గాన్ని మార్చబోతున్నారని తెలుసుగా? కాఫీ నచ్చితే నా శాఖ నాకుంటుంది. లేకపోతే పశువుల శాఖట."

"పెట్టె పాడైపోయిందా?"

"ఛ, ఛ. పెట్టె దివ్యంగా ఉంది. అందులో కరెంటే లేదు."

"పోనీ జనరేటరు పెట్టుకోండి."

"పొగ లేదు, చప్పుడు లేదన్నానే! పత్రికలవాళ్ళు ముప్ఫైమంది వస్తున్నారు. బస్టాండు బయట జీపు పెట్టించాను. చెల్లెల్ని కూడా తీసుకురా."

అక్క కిటికీలోంచి కాసేపు బయటకు చూసింది. తర్వాత సంచి తీసుకుని దిగింది. మేము దిగేలోపే వెనక సీటాయన కిటికీ పక్కకు జరిగిపోయాడు.

శిబిరం వెనక పొదల అవతల అటవీ శాఖ కాపలాదారు ఇల్లుంది. వాళ్ళావిడ గ్యాసు పొయ్యి ఇచ్చింది, పాలు ఇచ్చింది, "మంత్రిగారు కాఫీ కాస్తారట కదండీ, చూడ్డానికి వెళ్ళరా?" అని మమ్మల్ని అడిగింది. అక్క డికాషన్ దించుతూ, "ఇక్కణ్ణించే బాగా కనిపిస్తుందమ్మా" అంది.

మిగతా పని ఇంజనీరుగారిది. ఆ పెట్టె కరెంటుతో నడవాల్సిన కాఫీ యంత్రం బల్ల మీద ఉంది. బల్లకు నేల దాకా తెల్లటి గుడ్డ కప్పారు. ఆయన బల్లకూ యంత్రానికీ వెనకవైపు బెజ్జాలు చేసి, రబ్బరు గొట్టం ఎక్కించి, కింద ఒక చేతిపంపు బిగించారు. డబ్బాలోంచి నూనె తోడుకునే రకం, కాపలాదారు కొని ఇంకా వాడనిది. ఆయన తన సర్వీసులో వేసిన లైన్లన్నిటిలోకీ ఇదే చిన్నది. మూడడుగులు.

"అమ్మా, మూడుసార్లు నొక్కితే ఒక కప్పు. మంత్రిగారు దగ్గుతారు, అప్పుడు నొక్కండి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మా మొహాలు చూడలేదు.

ఆ విధంగా ఆ చారిత్రక ఘట్టాన్ని నేను బల్ల కింద కూర్చుని, కాఫీ గిన్నె పట్టుకుని కళ్ళారా చూశాను. నాకు కనిపించినవి బూట్లు మాత్రమే. బావగారివి అడవి బూట్లు, ఇంకా మట్టి అంటనివి. పెద్దాయనవి నల్లవి. బావగారు ప్రకృతి గురించి మాట్లాడారు, నిశ్శబ్దం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. అక్క మోకాళ్ళు ఎత్తిపెట్టి, పంపు పట్టుకుని, చెవి రిక్కించి కూర్చుంది. గిన్నె చల్లారకుండా నా చీరకొంగు చుట్టాను.

"ఇప్పుడు నేను మీట నొక్కుతాను" అన్నారు బావగారు.

అంతలో పెద్దాయన దగ్గారు.

అక్క నొక్కింది. పైన ధార పడిన చప్పుడు.

"అరె! ఇంకా నొక్కలేదుగా?" పెద్దాయన నల్లబూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి.

"సెన్సరు సార్" అన్నారు బావగారు. "పెద్దవాళ్ళ గొంతు గుర్తుపడుతుంది."

చప్పట్లు. తర్వాత పెద్దాయన గుటకలు వేస్తున్న చప్పుడు. అక్క పంపు మీదనుంచి చేయి తీయలేదు. ఎన్నేళ్ళు సంసారం చేసినా, శాఖ పోతుందంటే ఏ భార్యకైనా గుండె కొట్టుకుంటుంది.

"ఇంకో కప్పు" అన్నారు పెద్దాయన.

అక్క కళ్ళు మూసుకుని మళ్ళీ మూడుసార్లు నొక్కింది. గాజులు గలగలలాడాయి.

"లోపలేదో గలగలమంటోందే?"

"హై వోల్టేజీ సార్."

"అద్భుతం. నేను కాక మంత్రులు ఇరవై ముగ్గురున్నారు. అందరికీ అచ్చం ఇలాంటిదే ఒక్కొక్కటి ఉండాలి. నెలనెలా మొదటి శని, ఆదివారాలు మంత్రులందరూ అడవిలో కాఫీ కాచుకోవాలి. ఉత్తర్వులు తయారు చేయించండి."

బావగారి శాఖ బావగారికే ఉండిపోయింది.

కార్లన్నీ వెళ్ళాక అక్క బల్ల కిందనుంచి బయటికొచ్చి, నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"ఇప్పుడేమైనా బస్సుందా?" అని నన్నడిగింది.

"మధ్యాహ్నం ఒకటుంది."

"బస్సేమిటోయ్?" అన్నారు బావగారు ఆశ్చర్యంగా. "సాయంత్రం రేడియోవాళ్ళొస్తారు. రేపు పొద్దున ఫోటోలవాళ్ళు. అయినా ఇదీ విహారయాత్రేగా! చెట్లు, పిట్టలు, స్వచ్ఛమైన గాలి..."

అక్క కొత్తచెప్పులు విప్పి, దుమ్ము దులిపి, కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టేసింది. ఆదివారం సాయంత్రం దాకా పంపు నొక్కింది. మొత్తం నూట ఆరు కప్పులు.

మంగళవారం నాడు ఇంజనీరుగారు ఫైలు పట్టుకుని ఇంటికొచ్చారు. అక్క చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు.

"అమ్మా, పెద్దాయన ఉత్తర్వు. కాఫీ కాచిన పరికరం వివరాలన్నీ నమోదు చేసి, అచ్చం అలాంటివే తెప్పించాలట. నేను సంతకం పెట్టాలి." కలం తీశారు. "నేను చూసిందే రాయగలను. అందుకని మీ దగ్గరకొచ్చాను."

అక్క ఒలవడం ఆపలేదు. "అడగండి."

"బరువు?"

"అరవై రెండు కిలోలు."

"ఏకధాటిగా ఎన్ని గంటలు పనిచేస్తుంది?"

"పొద్దున అయిదు నుంచి రాత్రి పదింటి దాకా."

"ఛార్జింగుకి ఎంతసేపు పడుతుంది?"

"పడుకోనిస్తే ఆరు గంటలు."

"శబ్దం?"

"ఇంతవరకు లేదు."

ఆయన రాసుకున్నారు. "చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు జరిగింది?"

"జరగలేదు."

"ఎన్నేళ్ళుగా వాడుకలో ఉంది?"

"ఇరవై ఆరు."

ఇంజనీరుగారు కలం కింద పెట్టారు. "అలా కుదరదమ్మా. ఏ యంత్రమైనా సరే, నిబంధనలు ఒప్పుకోవు. ప్రమాదం."

అక్క మొదటిసారి తలెత్తింది. "సర్వీసింగ్ ఎక్కడ చేయిస్తారు?"

"తయారీదారు ఎక్కడ చెప్తే అక్కడ."

"సముద్రం దగ్గర అని రాయండి. నెలకి రెండు రోజులు. మొదటి శని, ఆదివారాలు."

"అసిస్టెంటు కావాలా?"

అక్క చిక్కుడుకాయతో నావైపు చూపించింది. "చెల్లెలొకతె."

ఆయన అదీ రాశారు. తర్వాత తనంతట తానే ఇంకో వాక్యం చేర్చి, మాకు చదివి వినిపించారు: "సర్వీసింగ్ కాలంలో పరికరానికి ఫోను చేయుట, దానిని వెనక్కి పిలుచుట, దానినుండి కాఫీ ఆశించుట నిషేధం."

బావగారు అప్పుడే స్నానం చేసి వచ్చారు. ఫైలు చేతిలోకి తీసుకున్నారు.

"ఇందులో నా ఫోటో ఉందా?"

"మొదటి పేజీలోనే ఉంది సార్."

బావగారు ఫోటో చూసుకుని, సంతృప్తిగా సంతకం పెట్టి, "ఏమోయ్, కాఫీ" అన్నారు.

ఫైలు ఇరవై మూడు ఇళ్ళకు వెళ్ళింది. ప్రతి ఇంట్లోనూ సంతకం పడింది.

ఈ నెల మొదటి శనివారం మధ్యాహ్నం లాడ్జి వరండాలో నేనూ అక్కా చీర అంచులు తడిసిపోయి కూర్చున్నాం. రవాణా మంత్రిగారి భార్య గవ్వలు ఏరుకొచ్చి ఆర్థిక మంత్రిగారి భార్యకు చూపిస్తోంది. నీటిపారుదల మంత్రిగారి భార్య అలల్లోంచి ఎంత పిలిచినా బయటికి రావడం లేదు. వంటాయన తెచ్చిన కాఫీ నీళ్ళలా ఉంది. అందరూ రెండోసారి అడిగి తాగారు.

బల్లమీద సాయంత్రం పత్రిక పడేసి వెళ్ళారు. సాంకేతిక కారణాల వల్ల మంత్రులందరి అడవి శిబిరాలూ సోమవారానికి వాయిదా పడ్డాయనీ, పథకం మాత్రం విజయవంతంగా నడుస్తోందనీ అందులో ఉంది.

అంతలో గేటు దగ్గర నల్లకారు ఒకటి ఆగింది. తెల్లజుట్టున్న ఒకావిడ తన సంచి తానే మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆవిణ్ణి చూసి అందరం లేచి నిలబడ్డాం. పెద్దాయన భార్యను గుర్తుపట్టనివాళ్ళు మా దేశంలో ఉండరు.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అని, ఆయాసం తీర్చుకుని, లాడ్జి గుమాస్తా వైపు తిరిగింది.

"ఇరవై నాలుగో గది ఉందా నాయనా?"