టీవీ కడుపులో పాత ఆట

...కాబట్టి, గోడౌన్‌లో అమ్ముడుపోక మిగిలిన పాత గేమ్ బాక్సుల్ని కొత్త కలర్ టీవీల్లో బిగించి మనకి అంటగట్టిన కంపెనీవాడికి పూలదండ వేయాలి. నవ్వకండి! నేను సైకాలజీ పాఠాలు చెప్పుకుని బతికే ఒంటరివాణ్ణి. బాగా ఆలోచించిగాని ఏదీ అనను.

ఈ టీవీని నాకు ఎంచిపెట్టింది కింది వాటా అబ్దుల్లా గారు. మిర్చి కమీషన్ వ్యాపారి. మిర్చి యార్డులో టిక్కీ బస్తా మూతి విప్పించి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, మెరిసే కొత్త కాయల అడుగున దాచిన నిరుటి కోల్డ్ స్టోరేజీ కాయల్ని బయటికి లాగే మనిషి. బ్రాడీపేట షాపులో మాత్రం టీవీ అద్దాన్ని పైపైన నిమిరి, సరుకు బాగుంది, ఎత్తించమన్నారు.

లోపలి ఆట ఎప్పుడో పాతబడిందని తెలిస్తే కోపగించుకుంటారనుకున్నాను. మురిసిపోయారు.

"పైన కొత్తది, అడుగున పాతది. ఈ కంపెనీవాడిది గుంటూరే అయ్యుంటుంది మాస్టారూ."

ఎంత దూరదృష్టి! పాత సరుకు విడిగా పెడితే ఎవడూ ముట్టడు. కొత్తదాని కడుపులో పెడితే 'అదనపు సౌకర్యం'! ఫ్రిజ్‌లో తిరగలి పెట్టండి. స్కూటర్లో గ్రామఫోన్ పెట్టండి. పెళ్లికొడుకులో వాళ్ల తాతని పెట్టండి. ఇప్పటికే ఉన్నాడంటారా? అదీ నిజమే.

పెద్దవాడు పసితనంలోకి జారిపోవడాన్ని మా శాస్త్రంలో జబ్బు అంటాం. ఇక్కడ దానికి ఏడాది వారంటీ! మా ఊళ్లో నా చిన్నప్పుడు కరెంటే లేదు. అయినా ఈ ఆట చూస్తే బాల్యం గుర్తొస్తోంది. ఎవరి బాల్యమో తెలియదు.

అసలు మేలు ఇంకోటి ఉంది. ఈ సోమవారం నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్. తోడు మనిషి లేకుండా రావద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. నేను అడగగలిగిన మనిషి అబ్దుల్లా గారొక్కరే. అడగడమే నాకు చేతకాదు. ఇతరుల సంకోచాల గురించి గంటసేపు మాట్లాడమనండి, మాట్లాడతాను!

యార్డు నుంచి రాగానే ఆయన పైకొస్తారు. ఇదివరకు వార్తలు పెట్టుకుని, వాటిని విననీయకుండా కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు చెరో జాయ్‌స్టిక్. తెరమీద ఇద్దరు బుల్లి సైనికులు. నావాడు గోతిలో పడితే ఆయనవాడు ఆగి కాపు కాస్తాడు. నేను "సోమవారం..." అని మొదలుపెడతాను. ముందు ఆ ట్యాంకు సంగతి చూడమంటారు.

చూశారా! సాయం అడిగే అవమానం నుంచి పెద్దమనిషిని ఇంత మర్యాదగా కాపాడే యంత్రం ఇంకోటుందా? తోడు మనిషి వెనకాల ఆటోలో వస్తున్నాడని ఆస్పత్రిలో బొంకొచ్చు. తిరిగొచ్చేటప్పుడు గోడలు పట్టుకుని మెట్లెక్కొచ్చు. స్వయంశక్తి!

ఇక్కడిదాకా రాసేసరికి ఆయన రానే వచ్చారు. కాగితాలు పక్కన పెట్టి ఆటకి కూర్చున్నాను.

"ఎడంవైపు మాస్టారూ, ఎడంవైపు! వాడు మీ పక్కనే ఉన్నాడు."

నాకు ఎడంవైపు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. మూరెడు దూరంలో కూర్చున్న మనిషికి నా సైనికుడి కష్టం కనిపిస్తోంది. నేను కనిపించడం లేదు. టీవీలో ఆట కూరిన కంపెనీ, మనిషిని ఇటు తిప్పే బటన్ ఒక్కటి పెట్టి ఉంటే దాని సొమ్మేం పోయేది?

లేచి ప్లగ్గు పీకేశాను. అబ్దుల్లా గారు తెరనీ, నన్నూ మార్చి మార్చి చూశారు.

"సోమవారం నాతో కంటి ఆస్పత్రికి రావాలి," అన్నాను.