గోల్కొండ గోడలో గంట

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేసరికి నా తల నెరిసిపోయింది. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మన్నించండి. రాయడం కూడా నిదానమే. ఈ నాలుగు కాగితాలు నిండడానికి వానాకాలమంతా పట్టింది. కథ మాత్రం చాలా వేగంగా జరిగిపోయింది.

మా ఇంట్లో కిరాయికి ఉండే దశరథ్ సొంత బండిలో తాండూరు బండలు పట్నానికి తోలుతాడు. అతని అక్క శంకరమ్మ, బావ అంజిలయ్య మోమిన్‌పేట్ దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకుంటారు. దశరథ్ కూతురి పుట్టువెంట్రుకలకు వచ్చిన ఆ ఇద్దరూ మర్నాడు తెల్లవారుతూనే అతని బండిలో బయలుదేరారు. వికారాబాద్‌లో దిగి, బస్సెక్కి ఊరికి పోవాలన్నది వాళ్ళ ఆలోచన. అనంతగిరిలో స్వామి దర్శనం చేసుకుని కొండ కింద టీ తాగుతున్నప్పుడు దశరథ్ ఆ ఆలోచన మార్చాడు.

"ఇంత దూరం వచ్చి పట్నం చూడకుంట పోతరా అక్కా? నేను గోల్కొండ దగ్గర్నే బండలు దింపాలె. గంతసేపు మీరు ఖిల్లా చూడుండ్రి. ఎన్కసిరి చార్మినార్ పోదం. రాత్రికి ఊర్ల దింపుత."

శంకరమ్మకు పట్నమంటే భయం. ఆమె మేనత్త ఒకసారి పట్నం బస్టాండులో తప్పిపోయింది. సాయంత్రానికి దొరికింది గానీ, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇంటి వెనక దొడ్లోకి పోవాలన్నా ఒకరిని తోడు పిలిచేది. ఆ సంగతే గుర్తు చేసి, మందిలో తప్పిపోతే ఏం చేయాలని భర్తను అడిగింది.

అంజిలయ్య సంచిలో చెయ్యి పెట్టి గంట తీశాడు. అది మందలో ముందు నడిచే పొట్టేలు మెడలోది. నాలుక ఊడిపోతే తాండూరులో బాగు చేయించి తీసుకుపోతున్నాడు. ఒక అంచు చిట్లి ఉండడం వల్ల దాని మోత బొంగురుగా ఉంటుంది. వంద గంటలు మోగుతున్నా శంకరమ్మ దాన్ని గుర్తు పడుతుంది. ఆ గంటను ఆయన తన మొలతాడుకు కట్టుకున్నాడు.

"గొర్రెకు లేని భయం నీకెందుకే? గంట ఎంబడి నడువు. తప్పిపోయినవనుకో, ఎత్తుకెక్కు. నేను తప్పిన కాడ్నే నిలబడి గంట కొడ్త. మందల చేసేది గదే గద."

దశరథ్ నవ్వాపుకోలేకపోయాడు. "జర పైలం బావా, పట్నపోల్లు నిన్ను పట్కపోయి కోసుకుంటరు" అన్నాడు.

ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే ఫోను. జేబులో ఉంటే దొంగలు కొట్టేస్తారని అంజిలయ్య దాన్ని భార్య చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంది. దశరథ్ వాళ్ళను ఖిల్లా ముందు దింపి వెళ్ళిపోయాడు.

శంకరమ్మ తల ఎత్తలేదు. నేల చూస్తూ, గంట వింటూ నడిచింది. పెద్ద దర్వాజా దాటిన తర్వాత ఒక గుమ్మటం కింద జనం గుంపులు గుంపులుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడేమోనని ఆమె పక్కకు తప్పుకుంది. ముందు నడుస్తున్న అంజిలయ్య అప్పటికే ఆగిపోయాడు, నేల చూస్తున్న ఆమె ఆయన్ని దాటి వచ్చేసింది. తలుపుల మీద ఏనుగుల కోసం కొట్టిన ఇనుప ముళ్ళు చూస్తూ, ఇలాంటి తలుపు గొర్రెల దొడ్డికి ఉంటే తోడేలు దగ్గరికి రాదు కదా అనుకుంటూ నిలబడిపోయాడు. చప్పట్ల మోతలో ఆమెకు గంట వినిపించలేదు. తల ఎత్తి చూస్తే చుట్టూ కొత్త ముఖాలే. గొంగడి భుజాన వేసుకున్న మనిషి ఒక్కడూ లేడు.

పేరు పెట్టి పిలవడానికి సిగ్గు, పిలవకపోతే భయం. చివరికి భర్త చెప్పిన మాట గుర్తొచ్చి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతున్నకొద్దీ పట్నం పెద్దదవుతూ వచ్చింది. ఎటు చూసినా ఇళ్ళే, అంతు లేదు. ఇందులో మనిషి తప్పిపోతే ఏ దిక్కున వెతకాలి? ఆగకుండా కొండ మీది మండపం దాకా ఎక్కింది.

కింద అంజిలయ్యకు భార్య కనిపించకపోయేసరికి ఆయన కూడా అన్న మాట ప్రకారమే చేశాడు. తప్పిన చోటు గుమ్మటం కిందే కాబట్టి అక్కడే నిలబడి గంట కొట్టాడు.

ఖిల్లా కట్టినవాళ్ళ నేర్పు ఏమిటంటే, ఆ గుమ్మటం కింద చేసిన చప్పుడు అంత ఎత్తున ఉన్న మండపంలో వినిపిస్తుంది. గైడుతో ఎక్కినవాళ్ళకు ఈ సంగతి ముందే చెబుతారు. ఆ వేళ మండపంలో ఉన్నవాళ్ళందరూ గైడు లేకుండా ఎక్కినవాళ్ళే.

శంకరమ్మ గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకుంటూ ఉండగా గంట వినిపించింది. బొంగురు గంట. చెవి పక్కనే మోగినట్టుంది. సంతోషంగా ఇటు తిరిగింది, అటు తిరిగింది. మనిషి లేడు. గోడలో కింది వైపు ఒక చీకటి కంత మాత్రం ఉంది. ఆమె వంగి దానిలోకి చూసింది.

పరిగి నుంచి కొత్త పెళ్ళికొడుకుతో వచ్చిన నిరోషా అనే అమ్మాయి ఆమెను చూసి ఏమైందని అడిగింది.

"మా ఆయన ఈ గోడల ఉన్నడు బిడ్డా" అంది శంకరమ్మ.

గంట ఆమె ఒక్కదానికే వినిపించి ఉంటే మతి చలించిందనుకుని పక్కకు జరిగేవాళ్ళు. నిరోషాకూ వినిపించింది, ఆమె భర్తకూ వినిపించింది. పదిమంది చేరారు. ఒకాయన కంతలోకి ఫోను లైటు వేశాడు. ఇంకొకాయన ఇక్కడి నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందట, అందులో పడి ఉంటాడన్నాడు. ఎవరు కేకేసినా బదులు గంటే వస్తోంది. దెబ్బ తగిలి మాట పడిపోయింది, అందుకే గంట కొడుతున్నాడని అందరూ తేల్చారు. నిరోషా భర్త కాపలావాళ్ళ కోసం కిందికి పరుగెత్తాడు. నిరోషా శంకరమ్మ ఫోను తీసుకుని దశరథ్‌కు సంగతి చెప్పింది. దశరథ్ ఊరికి ఫోన్ చేశాడు. ఊళ్ళో ఆ మాట ఇల్లు ఇల్లు తిరిగి, తిరిగిన ప్రతి ఇంట్లో కొంచెం పెద్దదయింది.

శంకరమ్మ కంత దగ్గర చెవి పెట్టి కూర్చుంది. "మోగుతున్నది. పాణం ఉన్నది" అని ప్రతి మోతకూ చెబుతోంది.

కింద నర్సింహులు అనే కాపలాదారు అంజిలయ్యతో గొడవ పడుతున్నాడు. చప్పట్లు కొట్టే చోట గంటలు కొట్టకూడదంటాడు. నా పెండ్లాం వచ్చేదాకా కొడతానంటాడు ఈయన. అప్పుడే నిరోషా భర్త రొప్పుతూ వచ్చి పైన ఎవరో గోడ సందులో పడిపోయాడు, తాడు కావాలన్నాడు.

బావుల్లో పడ్డ గొర్రెలను ఎన్నింటినో పైకి లాగిన మనిషి అంజిలయ్య. సంచిలో తాడు కూడా ఉంది. తప్పిన చోటు వదిలి కదలకూడదు. అవతల నిండు ప్రాణం. "పెద్దాయనా, తాడుంటే నడువు, నీ పెండ్లాం యాడికి పోదు" అన్నాడు నర్సింహులు. తాను నడుస్తూ గంట మోగిస్తే ఆమె దారి తప్పుతుందని, అంజిలయ్య గంటను మొలతాడు నుంచి విప్పి, గొంగడి కొసలో గట్టిగా చుట్టి, మెట్ల వైపు పరుగెత్తాడు.

పైన గంట ఆగిపోయింది.

మందలో గంట ఆగడమంటే ఏమిటో శంకరమ్మకు తెలుసు. తోడేలు పొట్టేలు గొంతు పట్టుకున్నప్పుడే అది ఆగుతుంది. ఆమె ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని గాజుల వైపు చూసుకుంది. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు. నిరోషా ఆమెను పట్టుకుని కూర్చుంది. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏడవడం మొదలుపెట్టారు.

ఆ గుంపును తోసుకుంటూ అంజిలయ్య వచ్చాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య ఉన్నది ఎవరో చూడలేదు. కంత ముందు బోర్లా పడుకుని లోపలికి అరిచాడు.

"ఓ అన్నా, భయపడకు. తాడిడుస్తున్న, పట్టుకో. ఏం పేరే నీది?"

"అంజిలయ్య అంట" అన్నాడు లైటు పట్టుకున్నాయన. "మోమిన్‌పేట్ దిక్కట."

"అయ్యో, మా దిక్కోడే. నా పేరే" అన్నాడు అంజిలయ్య. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంటామె వచ్చిందా పాపం?"

తాడు వదలడానికి వంగేసరికి గొంగడి కొస జారి గంట రాతి మీద పడింది. బొంగురుగా మోగింది.

శంకరమ్మ తల ఎత్తింది. లేచి వచ్చి, బోర్లా పడుకున్న భర్త వీపు మీద చెయ్యి వేసి, నిజంగా మనిషేనా అని తడిమింది.

"గంటెందుకు ఆపినవ్?" అంది.

"ఎవరో పడ్డరంటే వచ్చిన. నువ్వెప్పుడొచ్చినవే? ఆగు, ముందుగాల ఈయన్ని తియ్యాలె."

"లోపలున్నది నువ్వే" అంది శంకరమ్మ.

అంజిలయ్య మళ్ళీ ఒకసారి కంతలోకి తొంగి చూశాడు.

నర్సింహులు అందరికీ గుమ్మటం సంగతి చెప్పి పంపించేసరికి దశరథ్ ఇద్దరు హమాలీలతో, గడ్డపారలతో గోడ పగలగొట్టడానికి వచ్చాడు. దర్వాజా దగ్గరే అతన్ని పట్టుకున్నారు. గోడ జోలికి పోనని ఒప్పించి విడిపించుకునేసరికి పొద్దు వాలింది. చార్మినార్ చూడలేదు. ఊరికి చేరేసరికి వాకిలి నిండా చుట్టాలు ఏడుస్తూ కూర్చుని ఉన్నారు. పోయినాయన బండి దిగి రావడం చూసి కొందరు జడుసుకున్నారు, కొందరు చిన్నబుచ్చుకున్నారు. దూరం నుంచి ఏడవడానికి వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపలేక అంజిలయ్య స్వయంగా మందలోంచి ఒక యాటను కోశాడు.

ఆ రోజు ఖిల్లా మెట్లు దిగేటప్పుడే శంకరమ్మ భర్త చేతిలో గంట తీసుకుని తన నడుముకు కట్టుకుంది. "ఇగ నువ్వే నా ఎన్క నడువు" అంది. ఇప్పటికీ సంతకు పోయినా, జాతరకు పోయినా ఆయన ఆ మోత వెనకే నడుస్తాడు.

పొట్టేలుకు మాత్రం దశరథ్ తాండూరులో కొత్త గంట కొనిచ్చాడు. అది ఇంతవరకూ ఎవరినీ పోగొట్టలేదు.

— కస్తూరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది తాండూరులో.