మొదటి మాట మింగే వాకీటాకీ

ఆ ఉదయం ఓవర్‌గారు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, కొత్తగా వచ్చిన వాకీటాకీల జత పనితనం పరీక్షించడం. రెండోది గడ్డం గీసుకోవడం. రెండో పని సంగతి ఆ రోజంతా మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు.

ఆయన అసలు పేరు ఓవర్ కాదు. రేవు వైర్‌లెస్ స్టేషన్లో ఆపరేటరుగా చేరి, అందులోనే తల నెరిసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలినా ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. పాలవాడితో మాట్లాడినా, పక్కింటివాళ్లతో పోట్లాడినా ఆఖర్న "ఓవర్" అంటేగాని ఆయనకు మాట పూర్తయినట్టు ఉండేది కాదు. వీధివాళ్లు కొన్నాళ్లు నవ్వుకుని, ఆ తరవాత దాన్నే పేరు చేసేశారు.

ఆ జతను పంపింది అల్లుడు. అతనికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపుంది. "చాలా చవగ్గా వస్తున్నాయి మావయ్యగారూ. బాగుంటే షాపులో పెడదామనుకుంటున్నాను. మీరొకసారి చూసి చెప్తే నాకు ధైర్యం" అన్నాడు ఫోనులో. ఆ మాటతో ఓవర్‌గారు రెండంగుళాలు పొడుగయ్యారు. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా సలహా అడగడం అదే మొదలు.

సెట్టు అరచేతిలో ఇమిడేంత ఉంది. నాలుగైదు బ్యాండ్లు పడుతుందట. అది చాలనట్టు పాటలకి ఎఫ్‌ఎం, చీకట్లో టార్చిలైటు. ఆయన రోజుల్లో ఒకే ఒక్క బ్యాండు పట్టే సెట్టుని ఇద్దరు మోసేవారు. ఓవర్‌గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. పాత సెట్లు వేడెక్కితే కాలిన దుమ్ము వాసన వచ్చేది, ఆ వాసనకే నిద్రమత్తు వదిలేది. దీనికి కొత్త చెప్పుల వాసన తప్ప ఏమీ లేదు.

ఒక సెట్టు వంటింట్లో ఉన్న వాళ్లావిడకిచ్చి, తను పడగ్గదిలోకి వెళ్లి మీట నొక్కారు. "వంటిల్లు, వంటిల్లు, నా మాట వినిపిస్తోందా, ఓవర్!"

"'వినిపిస్తోందా' అన్నది వినిపించింది. అంతకుముందు ఏమన్నారు?" అని ఆవిడ గోడవతలనుంచి మామూలు గొంతుతోనే అడిగింది.

సంగతేమిటంటే, బ్యాటరీ ఆదా కోసం ఆ సెట్టు ఖాళీ దొరికితే కునుకు తీస్తుంది. అవతలివాళ్లు మీట నొక్కాక అది మేలుకునేలోగా మొదటి రెండు మూడు మాటలు గాల్లో కలిసిపోతాయి. "నిద్రమొహం సెట్టు" అని నవ్వేసి ఓవర్‌గారు ఆ విషయాన్ని అక్కడితో వదిలేశారు. అదే కొంప ముంచింది.

ఈ పరీక్షకి అల్లుడి షాపుకన్నా పెద్ద కారణం ఒకటి, గోనెసంచీ, తక్కెడ పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. పాతసామాన్ల వ్యాపారి.

ఇంటి వెనక చిన్నగది నిండా ఓవర్‌గారి పాత సెట్లే. మూగవి, గొణిగేవి, లోపలి భాగాలు బయటికొచ్చినవి. ఆ గదిలో కుట్టుమిషను వేసుకుని నలుగురికి కుట్టు నేర్పాలని ఆవిడకి ఏళ్లనాటి కోరిక.

"అవి సామాన్లు కావోయ్, చరిత్ర" అనేవారు ఈయన.

"ఆ చరిత్ర దుమ్ము దులిపేది నేను" అనేది ఆవిడ.

చివరికి ఆ పొద్దున ఆవిడే పందెం వేసింది. "ఈ బొమ్మలోంచి నీళ్లట్యాంకు దగ్గర మీరు మాట్లాడింది నాకు ఇక్కడ వినిపించిందా, మీ సామాన్ల జోలికి రాను. వినిపించలేదా, అంతా తక్కెడలోకే."

పందెం వేసిందీ ఆవిడే, తీర్పు చెప్పేదీ ఆవిడే. అయినా ఓవర్‌గారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. దానికి కారణముంది. ఒకప్పుడు ఆవిడ లైట్‌హౌస్ స్టేషన్లో ఆపరేటరు. రోజూ డ్యూటీ ఎక్కగానే ఈయన రేవునుంచి "ఎలా వినిపిస్తున్నాను?" అని అడిగితే, అటునుంచి ఆవిడ లెక్క చెప్పేది. ఐదుకి మూడంటే గరగర, ఐదుకి ఐదంటే స్పష్టం. ఆ లెక్కలో ఆవిడ ఎన్నడూ వెంట్రుకవాసి తేడా రానిచ్చేది కాదు. ఒక్క వానపొద్దున మాత్రం "ఐదుకి ఆరు" అంది. అంతవరకూ ఆయన ఆమె మొహం కూడా చూడలేదు. ఆ సాయంత్రమే పడవెక్కి లైట్‌హౌస్‌కి వెళ్లారు. పెళ్లయ్యాక ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లకి సిగ్నలు లెక్క దేనికని కాబోలు, ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆ లెక్క చెప్పలేదు. 'ఐదుకి ఆరు' వినిపించిన బూడిదరంగు పెట్టె ఆ చిన్నగదిలోనే, అట్టడుగున ఎక్కడో ఉంది. మిగతావన్నీ పోయినా ఫరవాలేదు గాని, అది తక్కెడలోకి ఎక్కితే తన ప్రాణంలో సగం తూకానికి పోయినట్టేనని ఓవర్‌గారి భయం. ఆ మాట పైకి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

గేటు దగ్గరనుంచి అడిగితే "ఆఁ, వినిపిస్తోంది" అంది ఆవిడ. ఇస్త్రీబండి దగ్గర అడిగితే "వినిపిస్తోంది, అక్కడికి వెళ్లారు కదా, మీ చొక్కాలు అయ్యాయేమో చూడండి" అంది. ఓవర్‌గారు హుషారుగా వెళ్లి ట్యాంకు మెట్లెక్కారు. మొదటి మజిలీలో నిలబడి కటకటాలు పట్టుకుని గొంతు సవరించుకున్నారు.

హలో హలో అనడం ఆయన దృష్టిలో చేతగానివాళ్ల పని. రేవులో సిగ్నలు పరీక్షించాలంటే మునిగే పడవ కసరత్తు చదివేవారు. ప్రతి మాటా తెలిసిందే కనుక ఎక్కడ తెగిందో ఇట్టే పట్టుబడుతుంది. కాకపోతే నిజమని ఎవరూ హడలిపోకుండా ముందు 'అభ్యాసం' అని తప్పనిసరిగా చెప్పాలి. ఓవర్‌గారు నియమం తప్పలేదు. మీట నొక్కీ నొక్కగానే చెప్పారు.

"అభ్యాసం, అభ్యాసం, అభ్యాసం! అడుగునుంచి నీళ్లొస్తున్నాయి. మట్టం పెరుగుతోంది. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ముందు పైకి చేర్చండి. సామాన్లు వదిలేయండి. నేను చెప్పేదాకా ఎవరూ కిందికి దిగొద్దు. ఓవర్!"

సెట్టు మూడు అభ్యాసాలనూ మింగి, మిగతాదంతా గంట కొట్టినట్టు వినిపించింది. ఎవరికి? ట్యాంకు కిందున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి. ఆ అపార్ట్‌మెంటు వాళ్లూ ఇవే చవక సెట్లు కొన్నారు. ఫ్యాక్టరీలో పెట్టిన చానలు అటు వాళ్లూ మార్చలేదు, ఇటు ఈయనా మార్చలేదు.

పోయిన వానాకాలం సెల్లార్లోకి నీళ్లొస్తే, ముందు వెళ్లి చూసి ఆ తరవాత చెప్పినందుకు ఆ వాచ్‌మన్ సెక్రటరీ చేత చీవాట్లు తిన్నాడు. అందుకని ఈసారి చూడకుండానే చెప్పాడు.

ఓవర్‌గారు ఆవిడ జవాబు కోసం చెవి రిక్కించారు. చప్పుడు లేదు. ఇంకోసారి అంతా చదివారు. లేదు. ఇంతలో సెట్టు గరగరలాడి ఒక మగగొంతు పలికింది. "నీళ్లు ఎంతవరకొచ్చాయండీ?"

ఓవర్‌గారి ఒళ్లు పులకరించింది. కసరత్తులో అవతలి స్టేషను అడగవలసిన మొదటి ప్రశ్న అదే. తనలాంటి పాతకాపు ఎవడో గాల్లో తగిలాడు! "రేవు స్టేషన్ మాట్లాడుతున్నాను. ప్రస్తుతం మోకాలి లోతు. ఇంకా పెరుగుతుంది. ఓవర్!" అన్నారు ఉత్సాహంగా. రేవు స్టేషను సెట్టు పొట్టలోకి పోయి, మోకాలి లోతు మాత్రం అవతలికి చేరింది.

"లిఫ్టు వాడొచ్చా సార్?"

కసరత్తులో లిఫ్టు లేదు. కుర్రాడెవడో కొత్తగా కల్పిస్తున్నాడనుకుని ఓవర్‌గారు మెచ్చుకున్నారు. "శభాష్, శభాష్, మంచి ప్రశ్న! వాడొద్దు. మెట్లమీదే వెళ్లండి. ఓవర్!"

ఆ తరవాత కిందికి చూస్తే, అపార్ట్‌మెంటు మేడమీదికి జనం చేరుతున్నారు. ఒకాయన టీవీ మోస్తున్నాడు. ఒకావిడ చేతిలో బంగారు చేపల గాజుతొట్టి ఉంది. నీళ్లనుంచి చేపల్ని కాపాడుతున్నట్టున్నారు పాపం. ఓవర్‌గారు మాత్రం ఎవరింట్లోనో శుభకార్యం కాబోలనుకున్నారు. ఇంతలో సెక్రటరీ వాచ్‌మన్ చేతిలోంచి సెట్టు లాక్కుని అరిచాడు. "సెల్లారు పొడిగానే ఉందయ్యా! నీళ్లెక్కణ్నుంచి? ట్యాంకుగానీ పగిలిందా?"

అప్పుడు మేడమీదున్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ట్యాంకు మెట్లమీద, మాసిన గడ్డంతో, చేతిలో నల్లటి వస్తువుతో ఒక పెద్దమనిషి కనిపించాడు. ట్యాంకు పగలగొట్టడానికి వచ్చాడని కొందరు, అందులో దూకడానికి వచ్చాడని మరికొందరు అనుకున్నారు. ఏదైనా ఫైరింజను రావలసిందేనన్న దగ్గర మాత్రం అందరూ ఏకమయ్యారు.

సైరను చెవిన పడ్డాకగాని ఓవర్‌గారికి అసలు సంగతి తలకెక్కలేదు. వెంటనే మీట నొక్కి, ఒకే ఒక్క మాట ప్రాణం పెట్టి అరిచారు. "అభ్యాసం!"

సెట్టు మింగింది.

"అభ్యాసం!" మళ్లీ మింగింది. ఎన్నిసార్లు అరిచినా అవతల 'టక్' మనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మాట రావట్లేదు! ఆయనకి నీళ్లు పీకలదాకా వచ్చేసినట్టున్నాయి!" అని సెల్లారు దగ్గరనుంచి సెక్రటరీ గొల్లుమన్నాడు. ఫైరింజను నిచ్చెన ట్యాంకు వైపు లేచింది. కింద ఆఫీసరు మైకులో "పెద్దాయనా, దూకొద్దు! ఏ కష్టమున్నా మాట్లాడుకుందాం!" అంటున్నాడు. ఓవర్‌గారికి ఏడుపొక్కటే తక్కువ. పరువు పోయింది, పందెం పోయింది, బూడిదరంగు పెట్టె తక్కెడలోకి పోయింది. పైగా అల్లుడికి ఏం మొహం చూపించాలి?

అప్పుడు సెట్టులో చిన్న నిశ్శబ్దం వచ్చింది. ఎవరో మీట నొక్కి, ఒక ఊపిరి ఆగారు. రేవులో కొత్తవాళ్లకి ఆయన నేర్పిన మొదటి పాఠం అదే, ఆ రోజు తనే మరిచిన పాఠం. నొక్కు, ఊపిరి పీల్చు, మాట్లాడు.

"అన్ని స్టేషన్లకూ. లైట్‌హౌస్ మాట్లాడుతోంది." ఆవిడ గొంతు. నిమ్మళంగా, తడబాటు లేకుండా, వానపొద్దుల్లో వినిపించిన అదే గొంతు. "ఇంతవరకూ విన్నది అభ్యాసం. నీళ్లు లేవు, ప్రమాదం లేదు. మేడమీదివాళ్లు దిగొచ్చు. చేపల్ని జాగ్రత్తగా దించండి. రేవు స్టేషన్, మీరూ దిగండి. కటకటాలు పట్టుకుని దిగండి. ఓవర్."

మేడమీద జనం ఒకరి మొహాలొకరు చూసుకుని దిగసాగారు. ఓవర్‌గారు మాత్రం కదల్లేదు. కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ ఉప్పుల్లో పప్పుల్లో కలిసిపోయిన ఆ గొంతు గాల్లోంచి వస్తే ఇలా ఉంటుందని ఆయన మరిచేపోయారు. మీట నొక్కి, ఊపిరి ఆగి, మెల్లగా అడిగారు. "లైట్‌హౌస్, నేనెలా వినిపిస్తున్నాను?"

అటునుంచి కాస్త ఆలస్యంగా జవాబొచ్చింది. "మొదట్నుంచీ ఐదుకి ఐదు."

ఫైరాఫీసరు పెట్టిన చీవాట్లనూ, సెక్రటరీ పెట్టిన శాపనార్థాలనూ ఓవర్‌గారు చిరునవ్వుతో విన్నారు. వయసు మీదపడి చెవుడొచ్చిందనుకుని వాళ్లే జాలిపడి వదిలేశారు. ఇంటికొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"మొదట్నుంచీ వినిపిస్తే మాట్లాడలేదేం?" అన్నారు ఓవర్‌గారు.

"పందెం గెలుద్దామని."

"ఆపరేటరై ఉండి అబద్ధమా!"

"నేనేమన్నా వినిపించలేదని చెప్పానా? ఆపదలో ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే మిగతా స్టేషన్లు నోరెత్తకూడదని రూలు. ఆ రూలు నాకు చెప్పింది మీరే. సైరను విని డాబా ఎక్కి చూస్తే మీవైపు నిచ్చెన లేస్తోంది, అందుకే గెలిచే పందెం వదులుకుని మాట్లాడాను, అది చూడరేం?"

ఓవర్‌గారు వరండావైపు తిరిగి పాతసామాన్లాయన్ని పిలిచారు. "లోపలికి రావయ్యా. గది ఖాళీ చేయి, అమ్మగారు మిషను వేసుకోవాలి. అందులో బూడిదరంగు పెట్టె ఒకటుంటుంది, అదొక్కటీ..." అంటూ చిన్నగది తలుపు గడియ తీశారు.

వ్యాపారి గదంతా తిరగేసి బయటికొచ్చాడు. "అలాంటి పెట్టేం లేదండయ్యగారూ."

ఓవర్‌గారి మొహం పాలిపోయింది.

"గాభరా పడకండి. నిన్ననే తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను" అంది ఆవిడ, ఎటో చూస్తూ. "మీరు గోలపెడుతూనే ఉంటారు గాని, ఏది దాచుకోవాలో మీకు తెలుసా?"

సాయంత్రం అల్లుడు ఫోను చేశాడు. వెనకగదిలో కుట్టుమిషను టకటకలాడుతోంది. ఓవర్‌గారు అటొకసారి చూసి, గొంతు సవరించుకుని చెప్పారు. "దూరం బాగా పడుతుంది బాబూ, స్పష్టతా బాగుంది. మొదటి మాట మింగేస్తుంది కాబట్టి సంసారుల ఇళ్లకి మరీ పనికొస్తుంది. ఓవర్."